సమ్మె ఎవరిది, వెలి ఎవరిది?
నేటాల్ చెరకు తోటల నుంచి గరగపర్రు దాకా

కూలోళ్ళు పనిలోకి రాకపోతే దానికి సమ్మె అని పేరు. భూమి ఉన్నవాళ్ళు పనికి పిలవకపోతే దానికి వెలి అని పేరు. చూడ్డానికి రెండూ ఒకేలాంటివి. ఒక పక్షం రెండో పక్షంతో లావాదేవీ ఆపేసి, అవతలివాడు దిగొచ్చేదాకా కూర్చుంటుంది. కానీ ఊరు ఈ రెండిటినీ ఒక్కలా చూడదు. పేట పనికి రాకపోతే 'కొవ్వెక్కింది' అంటుంది. పేటని పనికి పిలవకపోతే 'ఊరి కట్టుబాటు' అంటుంది. మొదటిది నేరంగా, రెండోది న్యాయంగా చెలామణీ అవుతున్నాయి.

దళిత ఉద్యమంలో పనిచేసే కుర్రాళ్ళు తరచు ఒక ప్రశ్న వేస్తుంటారు. మన చేతులు లేకపోతే వాళ్ళ పొలం పండదు కదా, మరి పని ఆపినప్పుడు మనమే ముందు ఎందుకు లొంగిపోతున్నాం? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతుంది. ధైర్యం చాలకో, నాయకత్వం లేకో ఓడిపోయిన సమ్మెలు ఉన్నాయి. కానీ ఎక్కువ సమ్మెల గెలుపోటములు తేలింది ఇంకోచోట. పని ఆపిన తర్వాత పేటలో పొయ్యి ఎన్నాళ్ళు వెలుగుతుంది, ఆ పొయ్యి మీదికి గింజలు ఎవరి చేతి మీదుగా వస్తాయి అన్నచోట. ఈ మాట చెప్పే చరిత్రలో ఒక పెద్ద భాగం మా విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కి పోయినవాళ్ళది. అక్కడికి వెళ్ళేముందు ఊళ్ళో పని సంబంధం ఎలాంటిదో చూద్దాం.

కూలి ఒక్కటే కాదు

కోటవురట్ల 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. వరి, చెరకు పండే నేల. మా వైపు పేటవాళ్ళ నోట 'రైతు' అంటే భూమి ఉన్నవాడు, పని పెట్టేవాడు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుని కంబారి అంటారు. మా తాత కంబారి. కంబారితనంలో ముందు అప్పు, ఆ తర్వాత పని. పెళ్ళికో చావుకో తెచ్చుకున్న డబ్బు తీరేదాకా ఆ ఇంటి పశువులు, ఆ ఇంటి చేను, బెల్లం వండే రోజుల్లో ఆ ఇంటి గానుగ, అన్నీ చూడాలి. అప్పు తీరేలోపు ఇంకో పెళ్ళో ఇంకో చావో వచ్చేది.

పేటకీ ఊరికీ మధ్య ఉన్నది కూలి ఒక్కటే అయితే పని ఆపడం తేలిక. కూలి పోతుంది, అంతే. కానీ నడిచే గట్టు రైతుది. గేదెకి కోసుకొచ్చే గడ్డి రైతు గట్టు మీదిది. పొయ్యిలోకి ఏరుకునే పుల్లలు రైతు తోటలోవి. పనుల్లేని నెలల్లో అప్పిచ్చేది రైతు. సరుకు అరువిచ్చే కొట్టు రైతు బంధువుది. కౌలుకి దొరికే అరెకరం రైతుది. కొన్నిచోట్ల ఇల్లున్న జాగా కూడా రైతుదే. పని ఆపిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఫ్యాక్టరీ యజమాని గేటు మూయగలడు. ఊరి యజమాని దారీ, నీళ్ళూ, గడ్డీ, కొట్టూ కూడా మూయగలడు. కులం ఉన్న ఊళ్ళో సమ్మెకీ ఫ్యాక్టరీ గేటు ముందు సమ్మెకీ తేడా ఇక్కడుంది.

ఇంకో సంగతి ఉంది. సమ్మె చెయ్యాలంటే ముందు పని మానేసే హక్కు ఉండాలి. మన దేశంలో కూలోళ్ళకి చాలాకాలం అదీ లేదు. 1859లో తెచ్చిన 13వ చట్టం ప్రకారం, బయానా తీసుకుని పనికి రానివాడిని మేజిస్ట్రేటు పనికి పంపవచ్చు, వినకపోతే జైల్లో వేయవచ్చు. మామూలుగా బాకీ తగాదా సివిలు వ్యవహారం. కూలివాడి బాకీని మాత్రం నేరం చేశారు. ఆ చట్టం 1925లో గానీ పోలేదు. బయానా కూడా లేని వెట్టి సంగతి మరీ ఘోరం. నర్సీపట్నం నుంచి కొండల మీదికి వేసిన రోడ్డు కథ మా ప్రాంతంలో అందరికీ తెలుసు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత బలవంతంగా ఆ పని చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర నడిపిన తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఆ వెట్టి ఒకటి. పని మానేసే దారి మూసేసినచోట తుపాకీ దారి తెరుచుకుంది.

ఓడెక్కినవాళ్ళు

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకి చేరింది. డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతం ఇవాళ దక్షిణాఫ్రికాలో భాగం, అప్పట్లో బ్రిటిష్ వలస. తెల్లదొరలు అక్కడ చెరకు తోటలు వేశారు. స్థానిక జులూ ప్రజలకి ఇంకా సొంత పొలాలూ పశువులూ ఉన్నాయి. దొరలు ఇచ్చే కూలికి, దొరలు అడిగినన్నాళ్ళు తోటల్లో పనిచెయ్యడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. సొంత గింజ ఉన్నవాడు 'రాను' అనగలడు. అందుకని దొరలు గింజలేనివాళ్ళని వెతుక్కుంటూ ఇండియాకి వచ్చారు.

1860 నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్ వెళ్ళారు. మూడింట రెండొంతులు మద్రాసు వైపు నుంచే. తమిళ జిల్లాల పక్కన మన తెలుగు జిల్లాలు, వాటిలో విశాఖపట్నం జిల్లా, ఆ ఓడల జాబితాల్లో పదే పదే కనిపిస్తాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, ఊరు, కులం రాశారు. మాల, మాదిగ, పరయ అని రాసినవాళ్ళున్నారు, వ్యవసాయ శూద్ర కులాలవాళ్ళూ ఉన్నారు. కరువు తోలితే వెళ్ళినవాళ్ళు కొందరు, అప్పు తోలితే వెళ్ళినవాళ్ళు కొందరు, మేస్త్రీ మాటలు నమ్మి వెళ్ళినవాళ్ళు కొందరు.

ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెరిగి అయిదో ఏడాదికి 14. రేషనూ బసా యజమాని ఇస్తాడు. చీటీ లేకుండా తోట దాటి పోతే జైలు. పనికి రాకపోతే జీతం కోత, ఆపైన జైలు. ఇక్కడ ఉన్న 1859 చట్టం తనకంటే ముందే ఓడెక్కి పోయిందా అనిపించేది కూలివాడికి.

అయిదేళ్ళు ముగిశాక మనిషి స్వేచ్ఛగా బతకాలి కదా. ఆ స్వేచ్ఛని మింగడానికి 1895లో ఒక చట్టం చేశారు. ఒప్పందం ముగిసినా మళ్ళీ ఒప్పందంలోకి వెళ్ళకుండా, ఇండియాకి తిరిగిపోకుండా అక్కడే ఉండేవాళ్ళు ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అంటే మొదటి ఏడాది కూలికి ఆరు నెలల జీతం. తర్వాత ఆ పన్నుని 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకి, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లలకి కూడా వర్తింపజేశారు. తల్లి, తండ్రి, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు. అంత ఎవరు కట్టగలరు? కట్టలేనివాడు మళ్ళీ తోటలోకి పోయి వేలిముద్ర వేస్తాడు. దొరలకి కావలసింది అదే. మా వైపు కంబారి అప్పు చేసిన పనినే అక్కడ ఈ పన్ను చేసింది.

రొట్టె లెక్క

1912లో గోఖలే దక్షిణాఫ్రికా వెళ్ళి వచ్చాడు. పన్ను తీసేస్తామని అక్కడి ప్రభుత్వం తనకి మాట ఇచ్చిందన్నాడు. ప్రభుత్వం అలాంటి మాటేమీ ఇవ్వలేదంది. 1913 అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలైంది. దానికి నిప్పు పెట్టింది ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు. వాళ్ళూ, తంబి నాయుడూ గని కూలీల బస్తీల్లో తిరిగి, పన్ను ఎత్తేసేదాకా గనిలోకి దిగవద్దని చెప్పారు.

యజమానులు ఏం చేశారు? బస్తీల్లో దీపాలు, నీళ్ళు ఆపారు. సామాన్లు బయట పడేశారు. బస యజమానిదే కదా. అందుకే సమ్మెలో ఉన్నవాళ్ళు పిల్లాపాపలతో బస్తీలు వదిలి బయటికి నడవాల్సి వచ్చింది. నవంబరు 6న 2,037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు గాంధీతో కలిసి సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచారు. రోజుకి మనిషికి పౌనున్నర రొట్టె, ఔన్సు పంచదార. ఆ రొట్టెకి డబ్బు భారతీయ వర్తకుల దగ్గర్నుంచి, ఇండియాలో గోఖలే పోగుచేసిన చందాల నుంచి వచ్చింది.

పాఠ్యపుస్తకాల్లో ఆ నడక ఉంటుంది, రొట్టె ఉండదు. యజమాని బసలో ఉంటూ, యజమాని రేషను తింటూ యజమాని మీద ఎక్కువ రోజులు సమ్మె చెయ్యలేరు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే నవంబరు 10న వాళ్ళని పట్టుకుని, రైళ్ళెక్కించి గనులకే తెచ్చి పడేశారు. గనుల ఆవరణలనే జైళ్ళుగా ప్రకటించి, గని ఉద్యోగుల్నే వార్డర్లుగా వేశారు. నిన్నటిదాకా కూలీగా చెయ్యనన్న పనిని ఇవాళ ఖైదీగా చెయ్యాలి.

ఈలోగా సముద్రం పక్కనున్న చెరకు తోటల్లో పని ఆగిపోయింది. గాంధీ అప్పటికి జైల్లో ఉన్నాడు. ఈ సమ్మెకి ముందస్తు ఏర్పాటు లేదు. ఒక తోట నుంచి ఇంకో తోటకి మాట పాకింది. సమ్మె ఉధృతంగా ఉన్న రోజుల్లో మొత్తం 20 వేలమంది దాకా పని ఆపారని చరిత్రకారుల అంచనా. వందలమంది ఫీనిక్స్ ఆశ్రమానికి, వెరులం పట్నానికి వచ్చి తలదాచుకున్నారు. ఎస్పరాంజా, మౌంట్ ఎడ్జ్‌కూంబ్ తోటల దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, కూలీలు చనిపోయారు. ఇండియాలో ఎంత అలజడి లేచిందంటే వైస్రాయి హార్డింజే మద్రాసులో సమ్మెదారుల పట్ల సానుభూతిగా మాట్లాడాల్సి వచ్చింది. 1914లో భారతీయుల ఉపశమన చట్టం వచ్చి 3 పౌన్ల పన్ను పోయింది.

సమ్మె గెలిచింది. ఎంత గెలిచింది? పన్ను పోయింది గానీ కూలి రేటు, తోట బసలు, చీటీ పద్ధతి చర్చల్లోకే రాలేదు. ఆ చట్టంలోనే, హక్కులు వదులుకుని ఇండియా పోయేవాళ్ళకి ఉచిత ప్రయాణం అని కూడా రాశారు. చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో చెరకు కోసినవాడు ఒక్కడూ లేడు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. అదే నేటాల్‌లో నల్లజాతివాళ్ళ మీద వేసిన తలపన్నుకి వ్యతిరేకంగా 1906లో బంబాటా తిరుగుబాటు జరిగింది, రక్తం పారింది. ఏడేళ్ళ తర్వాత మన కూలీలు ఇంకో పన్ను మీద సమ్మె చేశారు. ఈ రెండు పోరాటాలూ కలవలేదు. పక్కపక్క గుడిసెల్లోవాళ్ళు వేరువేరుగా పోరాడితే లాభం ఎవరికో మాల, మాదిగ పేటలున్న ఊళ్ళవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కులం, జాతి

నేటాల్‌లో జరిగింది జాతి అణచివేత, ఇక్కడున్నది కులం, రెండూ ఒకటెలా అవుతాయి అని అడిగేవాళ్ళున్నారు. కులం జాతి భేదం కాదని వాదించినవాడు అంబేడ్కరే. ఆయనే 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞాపన గురించి వాకబు చేశాడు. 2001లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక సదస్సు జరిగింది. కులాన్ని ఆ చర్చలోకి తేవాలని దళిత కార్యకర్తలు అక్కడికి వెళ్ళి పట్టుబట్టారు, భారత ప్రభుత్వం అడ్డుపడింది. ఆ సదస్సు జరిగిన ఊరు కూడా డర్బనే.

పుట్టుకలో తేడాలున్నా పనిచేసే తీరులో పోలిక ఉంది. ఈ మనిషి పని కావాలి, ఈ మనిషి మాత్రం వద్దు. జాతీ కులమూ రెండూ నడిచేది ఈ సూత్రం మీదే. అందుకే రెండుచోట్లా సమ్మె కూలి పెంచమని అడగడం దగ్గర ఆగదు, మనిషిగా ఒప్పుకోమని అడుగుతుంది. అవతలివాడికి కోపం తెప్పించేది కూడా అదే.

వెలి అనే ఆయుధం

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగిన తర్వాత మహర్ల మీద దాడులు జరిగాయి. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీలో అంబేడ్కర్ సభ్యుడు. ఆ కమిటీ 1930లో ఇచ్చిన నివేదిక మనం ఇవాళ ఊళ్ళలో చూస్తున్నదాన్నే రాసింది. ఊళ్ళో అంటరానివాళ్ళు ఎక్కువగా సవర్ణుల భూముల మీదా వాళ్ళిచ్చే పని మీదా బతుకుతున్నారు. హక్కు అడిగిన రోజున కౌలు పోతుంది, పని పోతుంది, దారి మూస్తారు, కొట్టువాడు సరుకు అమ్మడు. బహిరంగ దౌర్జన్యం కంటే ఈ వెలి మరింత లొంగదీస్తుందని కమిటీ తేల్చింది. ఎందుకంటే పైకి అది చట్టబద్ధంగా కనిపిస్తుంది. నా పొలానికి ఎవర్ని పిలవాలో నా ఇష్టం అంటే కాదనేదెవరు?

అంబేడ్కర్ ఈ సంగతి వదల్లేదు. 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో వెలి వెయ్యడాన్ని శిక్షించదగ్గ నేరం చెయ్యాలన్నాడు. బర్మాలో 1922లో వచ్చిన బాయ్‌కాట్ వ్యతిరేక చట్టాన్ని నమూనాగా చూపించాడు. దాంతోపాటు ఇంకో కోరిక పెట్టాడు. బంజరు భూముల్లో అంటరానివాళ్ళకి వేరే ఊళ్ళు కట్టివ్వాలి. చాలామందికి ఈ రెండో కోరిక వింతగా కనిపిస్తుంది. వెలి లెక్క తెలిసినవాళ్ళకి వింతేమీ లేదు. చట్టం వెలివేసినవాడిని శిక్షిస్తుంది. కానీ భూమి ఉంటేనే వెలిపడ్డవాడు అంతదాకా బతికి ఉంటాడు.

పొయ్యి వెలిగించినవాళ్ళు

గెలిచిన సమ్మెల్లో ఈ పొయ్యి లెక్క ఎలా కుదిరిందో రెండుచోట్ల చూద్దాం.

తిరువాన్కూరులో అయ్యంకాళి 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పులయ పిల్లల్ని బడిలోకి రానివ్వలేదు. మా పిల్లలు మీ బడిలోకి రాకూడదంటే మేం మీ పొలాల్లోకి రాం అని పులయలు నాట్లు ఆపేశారు. అక్షరం కోసం వ్యవసాయ కూలీలు చేసిన సమ్మె అది. భూస్వాములు పస్తులతో లొంగదీద్దామని చూశారు. అప్పుడు అయ్యంకాళి సముద్రం వైపు చూశాడు. జాలరి కుటుంబాలతో మాట్లాడి, సమ్మెలో ఉన్నవాళ్ళని పడవల మీద పనికి తీసుకునే ఏర్పాటు చేశాడు. భూస్వామి చెయ్యి సముద్రం దాకా సాగలేదు. పొలాలు బీళ్ళుపడ్డాయి. చివరికి భూస్వాములు కూలి, బడి రెండిటి మీదా మాట్లాడాల్సి వచ్చింది.

అమెరికాలో మాంట్‌గొమరీ నగరంలో 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు అరెస్టయింది. 5వ తేదీ నుంచి నల్లవాళ్ళు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు ఎక్కలేదు. బస్సు ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతులు వాళ్ళే, కంపెనీకి దెబ్బ గట్టిగా తగిలింది. జో ఆన్ రాబిన్సన్, ఆమె మహిళా సంఘం ఒక్క రాత్రిలో వేలాది కరపత్రాలు తీశారు. దాని తర్వాత జరిగిన పనే ఇంకా ముఖ్యం. సుమారు 300 కార్లు పోగుచేసి, ఎక్కడ ఎక్కించుకోవాలో ఎక్కడ దించాలో చీటీ వేసుకుని, చర్చిల చందాలతో పెట్రోలు పోసి ఏడాదిపాటు జనాన్ని పనులకి చేర్చారు. నగర పాలకులు దాడి చేసింది కూడా ఆ కార్ల మీదే. బీమా రద్దు చేయించారు, ఆ ఏర్పాటునే నిషేధించమని కోర్టుకెళ్ళారు. ఉద్యమానికి ఊపిరి ఎక్కడుందో శత్రువుకి బాగా తెలుసు.

కారంచేడు, చుండూరు, గరగపర్రు

ఇక మన నేల మీదికి వద్దాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. గొడవ మొదలైంది చెరువు నీళ్ళ దగ్గర. ఆ నీళ్ళు పాడుచేయొద్దని అడ్డుకున్న మున్నంగి సువార్త పేరు దళిత ఉద్యమ చరిత్రలో నిలిచింది. బతికినవాళ్ళు చీరాలకి వచ్చి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. ఊళ్ళోకి తిరిగి రమ్మని ఎంత ఒత్తిడి వచ్చినా వెళ్ళలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. 1985 సెప్టెంబరు 1న కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి దళిత మహాసభ పెట్టారు. చాలామంది దీన్ని పారిపోవడంగా చూశారు. నిజానికి అది సమ్మెల్లోకెల్లా పెద్ద సమ్మె. భూస్వామి పొలానికి తిరిగి పోకపోవడం, ఎప్పటికీ పోకపోవడం. అది సాధ్యమైంది చీరాల పట్నం పక్కనే ఉండబట్టి, రాష్ట్రమంతటి నుంచి శిబిరానికి బియ్యం వచ్చి పడబట్టి.

చుండూరు ఇంకో పాఠం చెబుతుంది. 1991 జూలైలో సినిమా హాల్లో మొదలైన తగాదా తర్వాత అక్కడి భూస్వాములు మాలపల్లిని పనులకి పిలవడం మానేశారు. కానీ చుండూరు మాలపల్లిలో చదువుకున్నవాళ్ళున్నారు, ఉద్యోగస్తులున్నారు. మిగిలినవాళ్ళు పక్క ఊళ్ళకి, తెనాలికి పోయి పని చేసుకోగలిగారు. వెలి అనుకున్నంత పారలేదు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వెలికి లొంగనివాళ్ళ మీద కత్తి లేస్తుందని కార్యకర్తలు మరిచిపోకూడదు. పొయ్యి లెక్క కుదిరినంత మాత్రాన ప్రమాదం పోదు. పొయ్యి ఆరకపోతే ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. కాపలా ఏర్పాట్లు కూడా లెక్కలో ఉండాలి.

2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో చెరువు దగ్గర అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు దళితుల్ని వెలివేశారు. పొలం పనులకి పిలవలేదు, కౌలు భూములు లాక్కున్నారు. అక్కడి దళితులు ఊరు విడిచిపోలేదు. ఊళ్ళోనే కూర్చుని పోరాడారు, బయటి సంఘాలు 'చలో గరగపర్రు' అన్నాయి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు పడ్డాయి. స్టార్టే కమిటీ రాసింది గరగపర్రు దాకా పొల్లుపోకుండా సరిపోయింది. తేడా ఒక్కటే, ఈసారి చేతిలో ఒక చట్టం ఉంది.

ఎవరూ చెయ్యని పని

దళితుల చేతుల్లో ఉన్న పనులన్నీ ఒకటి కాదు. నాట్లకీ కోతలకీ పక్క జిల్లా నుంచి మనుషుల్ని దించుకోవచ్చు. వరి కోత మిషన్లు వచ్చాక ఆ అవసరం కూడా తగ్గింది. కానీ కొన్ని పనులున్నాయి. అంటరానివని చెప్పి మన నెత్తిన పెట్టినవి. వాటిని ఇంకెవరూ ముట్టరు. ఆ పని ఆగిన రోజున ఆ అంటు తిరిగి వాళ్ళకే తగులుకుంటుంది.

2016 జూలై 11న గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. దానికి జవాబుగా దళితులు సురేంద్రనగర్‌లో పశువుల కళేబరాల్ని తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు వదిలేశారు. మీ తల్లిని మీరే పూడ్చుకోండి, మా భూమి మాకివ్వండి అన్నారు. పని వద్దనడంతోపాటు భూమి కావాలనడం గమనించాలి. 1968 ఫిబ్రవరిలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో చెత్త బండిలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయాక 1,300 మంది నల్లజాతి పారిశుధ్య కార్మికులు సమ్మెకి దిగారు. 'నేను మనిషిని' అని అట్టలు పట్టుకుని నడిచారు. వాళ్ళకి అండగా వెళ్ళిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హత్యకి గురయ్యాడు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ని గుర్తించింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు చివర్లో మునిసిపల్ పారిశుధ్య కార్మికులు పని ఆపితే కొద్ది రోజుల్లోనే పట్నాలు కంపుకొట్టాయి, 2024 జనవరిలో ప్రభుత్వం చర్చలకి కూర్చుంది. డప్పు కొట్టం, కళేబరం మొయ్యం అని పేటలు చేసిన తీర్మానాలకున్న బలం ఇదే. వాటిని ఆత్మగౌరవ తీర్మానాలని మాత్రమే అంటే సగం చెప్పినట్టే. అవి సమ్మె తీర్మానాలు కూడా.

చట్టం ఎంతవరకు

1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. దళితుల్నిగానీ గిరిజనుల్నిగానీ సామాజికంగా, ఆర్థికంగా వెలివెయ్యడం, వెలివేస్తామని బెదిరించడం నేరమని ఈ చట్టంలో మొదటిసారి స్పష్టంగా రాశారు. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. పనికి పిలవకపోవడం, వ్యాపారం చెయ్యకపోవడం, మామూలుగా ఇచ్చే షరతుల మీద ఇవ్వకపోవడం, సేవలు ఆపడం అన్నీ ఆర్థిక వెలి నిర్వచనంలో ఉన్నాయి. వెట్టి చేయించడం, కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం కూడా నేరాలే. అంబేడ్కర్ 1947లో అడిగినది 69 ఏళ్ళకి ఈ చట్టంలోకి వచ్చింది.

ఈ చట్టం ఒకవైపే పనిచేస్తుంది, అలాగే పనిచెయ్యాలి. పేట పని మానేస్తే అది వెలి కాదు. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరీని నిషేధించింది. కనీస వేతనం కంటే తక్కువకి చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'మేం పిలవకపోవడం తప్పయితే మీరు రాకపోవడమూ తప్పే' అని ఊరి పెద్దలు పెట్టే పేచీకి చట్టంలో చోటు లేదు.

చిక్కంతా రుజువు దగ్గరుంది. వెలిని ఎవరూ కాగితం మీద రాయరు. ఎవర్ని అడిగినా 'నాకు మనిషి అక్కర్లేదు' అంటాడు. అందుకని పేటలో ఒక పుస్తకం పెట్టాలి. ఏ ఇంటివాళ్ళు ఏ రైతు దగ్గర ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, ఏ తేదీ నుంచి పిలవలేదు, బదులుగా ఏ ఊరి నుంచి కూలోళ్ళని తెచ్చారు, ఏ కొట్టువాడు ఎవరికి ఏం లేదన్నాడు, కట్టుబాటు ఎక్కడ ఎవరి ముందు చెప్పారు, అన్నీ తేదీలతో రాయాలి. చదువుకున్న పిల్లలు ఉద్యమానికి చెయ్యగలిగిన పనుల్లో ఇది ముఖ్యమైనది.

ముందే చూసుకోవలసిన లెక్క

నేటాల్ నుంచి గరగపర్రు దాకా చూసినదాన్నిబట్టి పని ఆపేముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పేటలో ఎన్ని ఇళ్ళకి ఎన్నాళ్ళ గింజలున్నాయి? రేషను డిపో ఎవరి చేతిలో ఉంది? పక్క ఊళ్ళో, పట్నంలో ఎంతమందికి పని దొరుకుతుంది? బదులు వచ్చే కూలోళ్ళు ఎవరు, వాళ్ళ పేటతో ముందే మాట్లాడామా? మాలపేట ఆపితే మాదిగపేట ఆపుతుందా, మాదిగపేట ఆపితే మాలపేట ఆపుతుందా? పంట ఏ దశలో ఉంది? నరికిన చెరకు ఆగదు, నారు ముదిరితే ఆగదు, కలుపు మాత్రం వారం ఆగుతుంది. చర్చలకి ఎవరు కూర్చుంటారు, వాళ్ళలో పొలంలో దిగే ఆడవాళ్ళు ఉన్నారా?

2006లో మొదలైన ఉపాధి హామీ పనులు చాలాచోట్ల ఈ లెక్కనే కొంత మార్చాయి. ఇంకో పని ఉందని తెలిసిన రోజు నుంచి కూలి రేటు మాట్లాడే గొంతు మారింది. వ్యవసాయ సీజన్‌లో ఆ పనులు ఆపాలని భూమి ఉన్నవాళ్ళు ఎందుకు పట్టుబడుతూ వచ్చారో దీన్నిబట్టే తెలుస్తుంది. వాళ్ళకి కావలసింది కూలీలు మాత్రమే కాదు, వేరే దారిలేని కూలీలు.

సమ్మెనీ భూమి పోరాటాన్నీ రెండు వేరువేరు కార్యక్రమాలుగా చూడటం మన ఉద్యమంలో పాత అలవాటు. ఎకరం భూమి ఉన్న పేట పది రోజులు ఎక్కువ నిలబడుతుంది. పది రోజులు నిలబడ్డ పేట అడిగింది తెచ్చుకుంటుంది. జులూ రైతు తెల్లదొరకి 'రాను' అని చెప్పింది ఆ బలంతోనే. ఆ మాట చెప్పలేక మనవాళ్ళు ఓడెక్కారు. ఓడెక్కనివాళ్ళు కంబార్లుగా మిగిలారు. వాళ్ళ మనవలం, మునిమనవలం మనం. భూమి అడగడం, కూలి అడగడం, వెలి మీద కేసు పెట్టడం, ఈ మూడూ ఒకే పోరాటమని గుర్తించి నడిస్తే ఆ మాట మన నోటి నుంచి కూడా వస్తుంది.